అప్‌డేట్: డెంటల్ కుర్చీ దిగుతూ నాన్న పడిపోయిన విషయం

పన్ను తీయించుకుని కుర్చీ దిగగానే నాన్న కళ్లు తిరిగి పడిపోయారని, మళ్లీ తీసుకెళ్లాలంటే టెన్షన్‌గా ఉందని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పడుకుని లేవగానే బీపీ పడిపోతోందేమోనని మీలో కొందరు అనుమానించిందే నిజమైంది. ఫిజీషియన్ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు ఇంకోసారి బీపీ చూశారు. నిలబడ్డాక పై అంకె 20 పాయింట్లకు పైగా తగ్గింది. ప్రోస్టేట్‌కి వేసుకునే మాత్ర కూడా బీపీ తగ్గిస్తుందట. బీపీ మాత్రతో కలిసి ప్రభావం ఎక్కువైందని మందులు సర్దారు.

మిగిలిన పని నిన్న పూర్తయింది. డెంటిస్టు కుర్చీని సగం లేపి ఆగారు, తర్వాతే పూర్తిగా లేపారు. నాన్న కాళ్లు కిందికి పెట్టి, పాదాలు ఆడిస్తూ కాసేపు కూర్చున్నారు. అసిస్టెంటమ్మాయి పెడల్ వైరు పక్కకు జరిపి, నాన్న కళ్లజోడు తెచ్చిచ్చి, అది పెట్టుకున్నాకే లేవనిచ్చింది. ఆ శ్రద్ధ చూసి నాకు ప్రాణం కుదుటపడింది.

తలకు దెబ్బ తగిలిందా అని ఒకరు అడిగారు. లేదండీ. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు తగిలితే మాత్రం, పైకి ఏమీ కనిపించకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలని డాక్టర్ గట్టిగా చెప్పారు.