బెంగళూరు ఖాళీ చేసి అనంతపురానికి, ఒక్కదాన్నే: ఇల్లు, నీళ్లు, బండి సంగతులు చెప్పగలరా?

తాడిపత్రి పిల్ల

అందరికీ నమస్తే. వచ్చే నెలాఖరుకు బెంగళూరు ఇల్లు ఖాళీ చేసి అనంతపురం వచ్చేస్తున్నాను. వయసు 36, పెళ్లి చేసుకోలేదు, ఒక్కదాన్నే ఉంటాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. నెలకు రెండుసార్లు మాత్రం బెంగళూరు ఆఫీసుకు పోవాలి. అమ్మానాన్న తాడిపత్రిలో ఉన్నారు. వాళ్లకు దగ్గరగా ఉండాలి, కానీ నా ఇల్లు నాకుండాలి. అందుకే అనంతపురం.

ఒంటరి ఆడమనిషికి ఇల్లు ఎలా అడగాలి? ఏ ఏరియా నయం? నీళ్లు, కరెంటు ఎలా చూసుకోవాలి? అద్దె ఎందుకు, భోగ్యానికి (మొత్తం డబ్బు ఒకేసారి ఇచ్చి అద్దె లేకుండా ఉండి, ఖాళీ చేసేటప్పుడు అది వాపసు తీసుకునే పద్ధతి) తీసుకో అని బంధువు ఒకాయన అంటున్నాడు, మంచిదేనా? కేఏ (కర్ణాటక) నెంబరు స్కూటీ, గ్యాస్ కనెక్షన్ ఉన్నాయి, వాటినేం చేయాలి? "జాగ్రత్తమ్మా" అని ఊరికే చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఏం చేయాలో వివరంగా చెప్పేవాళ్లు కావాలి.

మిద్దెల వీధి

ఇల్లు దొరుకుతుంది అక్కా. అయితే బెంగళూరులో మాదిరి యాప్ చూసి, ఫోన్‌లోనే మాట్లాడి అడ్వాన్సు పంపే పద్ధతి ఇక్కడ పెద్దగా పనిచేయదు. మంచి ఇళ్లు యాప్‌కు రాకముందే గేటుకు కట్టిన టు-లెట్ బోర్డు మీదనో, కిరాణా కొట్టాయన నోటి మాట మీదనో పోతాయి. రెండు మూడు రోజులు ఇక్కడే ఉండి, సాయంత్రం పూట వీధులు తిరగండి. "ఫ్యామిలీకి మాత్రమే" అని రాసినా వెనక్కి రావద్దు, లోపలికి పోయి అడగండి. ఆ బోర్డు ఎక్కువగా ఐదారుగురు కలిసుండే కుర్రాళ్ల గురించి పెట్టేది.

మొదటిసారి పోయేటప్పుడు అమ్మనో నాన్ననో వెంట తీసుకుపోండి. మీకు చేతగాదని కాదు. ఓనరుకు కావలసింది, ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి అన్నదానికి జవాబు. తాడిపత్రిలో తల్లిదండ్రులున్నారు, నెంబరు ఇదీ అని తెలిస్తే సగం అనుమానం అక్కడే తీరిపోతుంది. కంపెనీ ఐడీ కార్డు, ఇంటి నుంచి పని అని చెప్పే లెటరు, మూడు నెలల జీతం స్లిప్పులు కవర్లో పెట్టుకోండి. ఇంటిపేరు అడుగుతారు, కులం అడుగుతారు, నీసు వండుతారా అని అడుగుతారు. కులం దగ్గరే ఆగిపోయే ఓనరైతే లేచి వచ్చేయండి. అలాంటి ఇంట్లో తర్వాత ప్రతి చుట్టం రాకకూ జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. పెళ్లి విషయం మాత్రం దాచవద్దు. భర్త దుబాయ్‌లో ఉన్నాడని చెప్పి చేరితే, ఆ అబద్ధం బయటపడిన రోజే ఇల్లు ఖాళీ చేయమంటారు.

ఓనరు కింద ఉండి, పై పోర్షన్ అద్దెకిచ్చే ఇల్లు మీకు బాగుంటుంది. మీరు ఊరికి పోయినప్పుడు ఇల్లు చూసే మనిషి ఉంటారు, కొరియర్ తీసుకుంటారు. కానీ మూడు సంగతులు మొదటే తేల్చుకోండి: మెట్లు బయటనుంచి ఉన్నాయా, రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు, గేటు తాళంచెవి ఒకటి మీకిస్తారా. బెంగళూరు నుంచి రాత్రి పదకొండుకు దిగి, గేటు బయట నిలబడి ఓనరును నిద్రలేపే పరిస్థితి రాకూడదు. ఇంటికి వచ్చే స్నేహితుల సంగతి కూడా ఆ రోజే మాట్లాడండి, తర్వాత మాట్లాడితే గొడవ అవుతుంది.

ఏరియాల సంగతి. సాయినగర్‌లో ఆసుపత్రులు, మందుల షాపులు ఎక్కువ, రాత్రి పొద్దుపోయేదాకా వీధిలో మనుషులుంటారు. అద్దె కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. కమలానగర్, సప్తగిరి సర్కిల్ చుట్టుపక్కల అన్నీ నడిచిపోయే దూరం, కానీ బండి పెట్టుకునే చోటు కష్టం. రామనగర్, అరవిందనగర్ ఇళ్ల కాలనీలు, కాస్త నెమ్మది. ఊళ్లో పారే నడిమివంకకు దగ్గరలో మాత్రం గ్రౌండ్ ఫ్లోర్ తీసుకోవద్దు. 2022 అక్టోబరులో వంక పొంగి కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. వంక పక్క ఇల్లు చూస్తే గోడకు అడుగున నీటి చార ఉందా, గూట్లో ప్లాస్టరింగు పొట్టు లేచిందా అని వంగి చూడండి. కొత్తగా సున్నం వేసి ఉంటే పక్కింటివాళ్లను అడగండి, వాళ్లు నిజం చెబుతారు.

అగ్రిమెంటు 11 నెలలకు రాస్తారు. ఎవరు ఖాళీ చేయాలన్నా ఎన్ని నెలల ముందు చెప్పాలి, అడ్వాన్సు తాళం ఇచ్చిన రోజే తిరిగివ్వాలా, పెయింటింగు పేరుతో ఎంత పట్టుకుంటారు, మోటారు కరెంటు ఎవరిది అన్న నాలుగూ అందులో రాయించండి.

బోరు లెక్క

ఇల్లు నచ్చాక అడ్వాన్సు ఇచ్చే ముందు నీళ్లు చూడండి మేడం. ఈ జిల్లాలో సంవత్సరమంతా కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. మంచి ఇల్లు, చెడ్డ ఇల్లు అనేది ఇక్కడ టైల్స్‌ను బట్టి కాదు, సంపును బట్టి తేలుతుంది.

ఇంటికి రెండు రకాల నీళ్లొస్తాయి. కుళాయి నీళ్లు పెన్నహోబిలం రిజర్వాయరువి, బోరు నీళ్లు వేరు. కుళాయికి విడి పైపు ఉందా, లేక రెండూ ఒకే సంపులో కలిసిపోతున్నాయా చూడండి. కలిసిపోతుంటే మీరు తాగేది, వండేది కూడా బోరు నీళ్లే అనుకోవాలి. కుళాయి ఏ రోజులు, ఎన్ని గంటలకు వస్తుందో ఓనరును కాదు, పక్కింటివాళ్లను అడగండి. మీరు మీటింగులో ఉన్నప్పుడు నీళ్లొచ్చి పోతే ఒక్కరే ఉన్న ఇంట్లో పట్టేవాళ్లుండరు. కాబట్టి సంపులోకి దానంతటదే నిండే బాల్ వాల్వు ఉన్న ఇల్లు చూసుకోవడం మేలు.

పరీక్ష ఇలా చేయండి. చిన్న టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) మీటరు కొనుక్కుని కుళాయి దగ్గర, బాత్రూం దగ్గర వేరువేరుగా పెట్టండి. తాగునీటికి మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన టీడీఎస్ హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు. వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా ఒప్పుకుంటారు. 1000 దాటిన నీళ్లయితే గీజరు కాయిలుకు, వాషింగ్ మెషీను హీటరుకు తెల్లగా పెచ్చు కడుతుంది. గీజరులో మెగ్నీషియం రాడ్డు ఏడాదికోసారి తీయించి చూడాలి, అరిగిపోతే మార్చాలి. లేకపోతే ట్యాంకే తూటు పడుతుంది.

టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్ సంగతి చెప్పదు. ఈ మాట చాలామందికి తెలియదు. టీడీఎస్ 400 చూపించినా ఫ్లోరైడ్ ఎక్కువ ఉండవచ్చు. దీనికి హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, గత్యంతరం లేనప్పుడు 1.5. ఈ జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ బాధ వల్లనే 1990లలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చింది. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైపోయి మిగిలినవాటిలో ఇంకా ఎక్కువవుతుంది. ఆర్వో ఫిల్టరు తీసేస్తుంది. బోరు నీళ్లు తాగాల్సివస్తే అర లీటరు సీసాలో పట్టి నీటి పరీక్ష ల్యాబులో ఇవ్వండి. సీసా ప్లాస్టిక్‌ది ఉండాలి, పట్టే ముందు అదే నీళ్లతో మూడుసార్లు కడగాలి.

ఒక్క మనిషికి తాగడానికి, వంటకు కలిపి 20 లీటర్ల క్యాను నాలుగైదు రోజులొస్తుంది. అద్దె ఇంట్లో గోడకు తూట్లు పొడిచి ఆర్వో పెట్టేకంటే మొదటి వేసవి క్యానుతో గడిపి, ఆ ఇంట్లోనే ఉంటారని తేలాక కొనుక్కోండి.

సీమ కరెంటు

నీళ్ల తర్వాత ఎండ. పై అంతస్తు అంటే మీ నెత్తిన ఉండేది ఉత్త మిద్దె. ఏప్రిల్, మేలో రోజంతా కాగి రాత్రి రెండింటిదాకా వేడి వదులుతుంది. ఇల్లు చూడడానికి పొద్దున పోకుండా సాయంత్రం ఐదుకు పోయి, పడమటి గదిలో గోడ మీద అరచేయి పెట్టి చూడండి. మిద్దె మీద తెల్ల కూల్ పెయింటు రెండు కోట్లు వేయమని ఓనరును అడగండి. ఒప్పుకోకపోతే సగం ఖర్చు మీరు పెట్టుకున్నా నష్టం లేదు. మార్చి నుంచి మే దాకా గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలరు బాగా పనిచేస్తుంది. బోరు నీళ్లు పోస్తే ప్యాడ్లు గట్టిపడి నెలకే గాలి ఆడదు, అది గుర్తుంచుకోండి.

మీ పోర్షన్‌కు విడి మీటరు ఉండాలి. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే స్లాబు పద్ధతి కాబట్టి ఓనరు వాడకం, మీ వాడకం ఒకే మీటరులో పడితే మీరు 90 యూనిట్లే కాల్చినా పై స్లాబు ధర కట్టాలి. 2022 టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 400 దాటితే 9.75. ఎంత తేడానో చూడండి. పాత బిల్లు అడిగి లోడ్ (మీటరుకు మంజూరైన కరెంటు) ఎంత ఉందో చూడండి. ఒక కిలోవాటే ఉంటే ఏసీ పెట్టే ముందే ఓనరు చేత లోడ్ పెంచమని దరఖాస్తు పెట్టించాలి.

ఇంటర్నెట్‌కు రెండు వేర్వేరు కంపెనీల లైన్లు కాదు, రెండు వేర్వేరు దారులు కావాలి: ఇంటికి ఫైబర్, ఫోన్‌లో ఇంకో కంపెనీ సిమ్. ఒకే స్తంభం మీద వచ్చే రెండు ఫైబర్లు ఒకే లారీకి తెగిపోతాయి. ఇన్వర్టరుకు 150 ఏహెచ్ బ్యాటరీ పెడితే ఫ్యాను, ల్యాప్‌టాప్, రూటరు ఆరేడు గంటలు నడుస్తాయి.

తాడిపత్రి పిల్ల

చాలా థ్యాంక్స్. ఫ్లోరైడ్ సంగతి నాకు తెలియదు. భోగ్యం గురించి ఎవరూ చెప్పలేదు. బంధువుల ఇల్లే, డబ్బు మొత్తం ఒకేసారి ఇచ్చేస్తే అద్దె ఉండదంటున్నారు. బండి సంగతి కూడా చెప్పండి.

ఈసీ చూడండి

భోగ్యం మొదటి ఏడాది వద్దమ్మా. ఊరు, ఇల్లు సరిపోతాయో లేదో తెలియకముందే లక్షలు ఒకచోట ఇరుక్కుంటాయి. ఖాళీ చేసే రోజున ఓనరు దగ్గర ఆ డబ్బు ఉండదు. ఇంకొకరిని భోగ్యానికి పెట్టి, వాళ్లిచ్చింది మీకిస్తాడు. అందాకా మీరు ఆగాలి. ఇల్లు బ్యాంకులో తాకట్టు ఉంటే ఇంకా కష్టం, బ్యాంకు వేలం వేస్తే మీ కాగితం అడుగున పడుతుంది. తీసుకోక తప్పదనుకుంటే ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం) తీయించండి, అసలు పత్రాలు కళ్లారా చూపించమనండి. పత్రాలు బ్యాంకులో పెట్టి అప్పు తెస్తే అది ఈసీలో కనిపించకపోవచ్చు. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి, రిజిస్ట్రేషన్ చేయించండి. బంధువు కాబట్టి కాగితం ఎందుకులే అనుకోవద్దు. రేపు డబ్బు అడగడానికి మొహమాటపడేది బంధువు దగ్గరే.

గ్యాసు బండి పనులు

స్కూటీ: వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి తిప్పితే కొత్త నెంబరు తీసుకోవాలి. ముందు బెంగళూరులో మీ బండి రిజిస్టరైన ఆర్టీవో ఆఫీసులో ఫారం 28 పెట్టి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోండి. ఛాసిస్ నెంబరు పెన్సిల్‌తో రుద్దిన ముద్ర, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం కావాలి. లోను ఉంటే బ్యాంకు సమ్మతి కూడా. ఇక్కడ ఫారం 27 పెట్టి, బండి వయసును బట్టి ఆంధ్ర లైఫ్ ట్యాక్సు కట్టాలి. కొత్త ఆర్సీ వచ్చాక దాని కాపీతో కర్ణాటకలో మిగిలిన ట్యాక్సు వాపసుకు దరఖాస్తు చేసుకోవచ్చు. కొత్త నెంబరు ఇన్సూరెన్సులో ఎక్కించడం మర్చిపోతే క్లెయిము దగ్గర పేచీ పెడతారు. ఏడెనిమిదేళ్ల బండి అయితే ఈ తిరుగుడంతా ఎందుకు, అక్కడే అమ్మేసి ఇక్కడ కొనుక్కోండి.

గ్యాసు: సిలిండరు, రెగ్యులేటరు బెంగళూరు ఏజెన్సీలో అప్పగించి టర్మినేషన్ వోచరు (కనెక్షన్ ముగించినట్టు కాగితం) తీసుకోండి, డిపాజిట్ వాపసిస్తారు. స్టవ్ మీ సొంతం, తెచ్చుకోండి. పైపు మీద ముద్రించిన తేదీకి ఐదేళ్లు దాటితే పారేయండి. ఇక్కడ ఆ వోచరు చూపించి ఇప్పటి డిపాజిట్ కట్టి కొత్త కనెక్షన్ తీసుకోవాలి. ఒక్కరికే కాబట్టి అది వచ్చేలోపు 5 కిలోల చిన్న సిలిండరు ఐడీ చూపించి కొనుక్కోవచ్చు.

వరస ముఖ్యం: అగ్రిమెంటు, దాంతో గ్యాసు, గ్యాసు బిల్లుతో ఆధార్ అడ్రసు, ఆ తర్వాత ఓటుకు ఫారం 8. మామూలు నోటరీ అగ్రిమెంటు ఒక్కటే పట్టుకుని ఆధార్ సెంటరుకు పోతే తిప్పి పంపే వీలుంది.

మిద్దెల వీధి

ఆధార్‌లో ఆంధ్ర అడ్రసు ఉంటే ఇంకో లాభం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. తాడిపత్రికి అమ్మానాన్నల దగ్గరికి ఎన్నిసార్లయినా పోవచ్చు. బెంగళూరు బస్సుకు వర్తించదు, అది అంతర్రాష్ట్రం.

ఆఫీసుకు పోవడానికి కాచిగూడ–యశ్వంతపూర్ వందేభారత్ ఇక్కడ ఆగుతుంది గానీ, బెంగళూరు చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. పొద్దున మీటింగు ఉంటే ముందురోజు పోవాలి, లేదా తెల్లవారుజామున బస్సు. హైవే మీద సుమారు 215 కిలోమీటర్లు. ఆఫీసు ఉత్తరం వైపు అయితే మెజెస్టిక్ దాకా పోకుండా హెబ్బాళ్‌లో దిగండి.

ఇంకొక పని, చేరిన మొదటి వారంలోనే చేయండి. మీ హెల్త్ ఇన్సూరెన్సు నెట్‌వర్క్‌లో అనంతపురంలో ఏ ఆసుపత్రులున్నాయో చూసి, ఆ పేరు, పాలసీ నెంబరు, అమ్మ ఫోన్ నెంబరు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. తాళంచెవి ఒకటి కింద ఓనరమ్మకు ఇవ్వండి. అర్ధరాత్రి జ్వరం 103 వస్తే తలుపు తీయడానికి మీరు లేవలేకపోవచ్చు.