దొంగతనాల సర్వేలో చాలామంది సంతకం దగ్గరే ఆగిపోతున్నారు

ఎమ్మే ప్రాజెక్టు కోసం ఉదయగిరి చుట్టుపక్కల పల్లెల్లో, బోరు మోటారు కేబుళ్లు పోయినా స్టేషన్‌కు వెళ్లని రైతులను ఎందుకు వెళ్లలేదని అడుగుతున్నాను. గత 12 నెలల్లో జరిగినవే లెక్క. పాతవి కూడా కలిపేస్తారని 'పోయిన సంక్రాంతికి ముందా, తర్వాతా' అని అడిగితే అది బాగానే తేలుతోంది.

చిక్కల్లా అంగీకార పత్రంతోనే, అంటే సర్వేలో పాల్గొనడానికి ఒప్పుకుంటున్నామని సంతకం పెట్టే కాగితంతోనే. 34 ఇళ్లలో 9 మందే సంతకం పెట్టారు. ఒక పెద్దాయన నేను కాగితం తీసేలోపే అంతా చెప్పుకుపోయి, తెగిన వైరు ముక్క కూడా తెచ్చి చూపించి, పెన్ను ఇవ్వగానే "రేపు సాక్ష్యానికి పిలిస్తే కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారమ్మా" అని లేచిపోయాడు. (సంతకం లేదు గనక ఆయన చెప్పినదంతా తీసేశాను.)

పేరు బదులు కోడ్ నంబర్ వేశాను, 'నేరం' అన్న మాట తీసి 'సామాను పోవడం' అని మార్చాను. ఊరి పెద్దను వెంటబెట్టుకెళ్లడం నా తెలివితక్కువ, ఆయన ముందు ఎవరూ అసలు నోరే విప్పలేదు. ఫోన్‌లో రికార్డు చేస్తానంటే ఇంకా భయం. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు, వైద్య పరిశోధనకు రాసినవే అయినా, ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొనేవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే కమిటీ) అనుమతితో నోటిమాట అంగీకారం ఒప్పుకుంటాయి. మా కమిటీ మాత్రం రుజువేదని అడుగుతోంది.

సంతకం, రికార్డింగ్ రెండూ లేకుండా ఇలాంటి సర్వే చేసినవాళ్లు, నోటి అంగీకారాన్ని కమిటీ ఒప్పుకునేలా ఎలా రాసిపెట్టారు?