గద్ద తన్నుకుపోయిందా, తన్నేసి పోయిందా?

పర్లాకిమిడి నుంచి: సెలవులకి మేనల్లుడు వచ్చాడు. బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు. ఫోన్లో నా చిన్నప్పటి వీడియో గేములు ఎక్కించుకుని ఆడుతున్నాడు. నిన్న రాత్రి 'నింజా గైడెన్' పెట్టాడు. జపాన్‌లో 1988లో, అమెరికాలో 1989లో వచ్చిన ఆట. ఆడినవాళ్లకి అందులోని పక్షి పేరెత్తితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నింజా ఒక దిమ్మ మీంచి ఇంకో దిమ్మ మీదికి ఎగిరాడు. గాల్లో ఉండగానే ఎదురుగా గద్ద వచ్చి తగిలింది. ఈ ఆటలో దెబ్బ తగిలితే మనిషి వెనక్కి ఎగిరిపడతాడు. వెనక గొయ్యి. ఒంట్లో బలం నిండుగానే ఉంది, అయినా ఒక లైఫ్ పోయింది.

"అయ్యో, గద్ద తన్నుకుపోయిందిరా" అన్నాను. "తన్నుకుపోలేదు మావయ్యా, తన్నేసి పోయింది" అన్నాడు. ఒడియాలో 'చిల ఝాంపి నేలా' అన్నా కుదరదట, 'నేలా' అంటే తీసుకెళ్లినట్టేగా అని వాడి వాదన. ఎవరిది రైటు?

బరంపురం నుంచి: మీ మేనల్లుడిదే. తన్ను పక్కన 'కొను' చేరింది చూడండి. వండాడు అంటే ఎవరికోసమైనా కావచ్చు, వండుకున్నాడు అంటే తనకోసం. గద్ద కోడిపిల్ల మీదికి దిగి, కాళ్లతో కొట్టి, గోళ్లతో ఒడిసిపట్టి, నేల మీద వాలకుండానే లేచిపోతుంది. పనంతా కాళ్లదే, ముక్కుది కాదు. అందుకే మనవాళ్లు పొడుచుకుపోయింది అనలేదు, తన్నుకుపోయింది అన్నారు. కాళ్లలో ఉన్నదాన్ని ఎగురుతూనే తినేస్తుంది కూడా. 'ప్రైజులన్నీ వాడే తన్నుకుపోయాడు' అన్నప్పుడూ అంతే, ఏదో ఒకటి చేతికి చిక్కాలి. మీ ఆటలో పక్షికి నింజా వల్ల ఒరిగిందేముంది?

ధర్మాబాద్ నుంచి: మా నాందేడ్ దిక్కు ఈ తన్నుడు లేదన్నా. 'గద్ద ఎత్కపోయింది' అంటం. మరాఠీల 'ఝడప్ ఘాతలీ' అంటరు. అంటే మీద పడ్డది, అంతే. తీస్కపోయిందా, ఇడిచిపెట్టిందా ఆ మాట చెప్పదు. మీ ఆటకు గదే సరిపోతది.

రాయగడ నుంచి: 'కొను' ఉన్నచోటల్లా లాభం ఉంటుందంటే నేను ఒప్పుకోను. దుఃఖం తన్నుకొచ్చింది అంటాం, దుఃఖానికేం లాభం? కోసిన కోడి గిలగిలా తన్నుకుంటుంది. దానికేం లాభం?

బరంపురం నుంచి: సరే, లాభం అన్నది తొందరపాటు మాట. పని చేసినవాడి వైపే తిరుగుతుంది అనాల్సింది. కోడి తనలో తను కొట్టుకుంటుంది, దుఃఖం తనంతట తను తోసుకొస్తుంది. ఇద్దరు తన్నుకుంటే ఆ దెబ్బలు వాళ్ల మధ్యే. నింజా దెబ్బ మాత్రం పూర్తిగా ఎదుటివాడికే, గద్దకి ఈక కూడా కదల్లేదు.

'సూపర్ మారియో బ్రదర్స్ 2' ఆడించండి మీవాణ్ణి. అదీ 1988దే. అందులో పిడ్జిట్ అనే నల్ల పక్షి ఎగిరే తివాచీ మీద వస్తుంది. దాని నెత్తి మీదికి దూకి, దాన్నే ఎత్తి పట్టుకుంటే కాసేపు తివాచీ మనదే. అక్కడ తన్నుకుపోయేది మనం!

రాయగడ నుంచి: ఇంకో సంగతి. నింజా పేరు ర్యూ హయబుసా కదా. జపనీస్‌లో హయబుసా అంటే బైరి డేగ. అంటే డేగని గద్ద తన్నింది. వాడుకలో రెండూ కలిపేస్తాం కానీ డేగ వేరు, గద్ద వేరు. అన్నట్టు, పుస్తకాల్లో గ్రద్ద అని ఉంటుంది. దానికీ ఓ ముక్క చెప్పండి.

పర్లాకిమిడి నుంచి: మా అమ్మమ్మ నోట గ్రద్ద ఏనాడూ వినలేదు. 'గెద్ద తన్నుకుపోనాది' అంటూ కోడిపిల్లల్ని గంప కింద మూసేది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి గ్రద్ద అని రాయమంటే నా వల్ల కాదు బాబూ.

తీర్పు మేనల్లుడికి చదివి వినిపించాను. వినలేదు, ఆటలో ఉన్నాడు. ఈసారి గద్దని కత్తితో ఒక్క వేటుకి కొట్టేశాడు. భయంతో ఒకడుగు వెనక్కి వేసి మళ్లీ ముందుకొచ్చాడు. ఈ ఆట కిటుకే అది, శత్రువు పుట్టే చోటు తెర దాటి మళ్లీ తెర మీదికొస్తే, చచ్చిన శత్రువు కూడా మళ్లీ వస్తుంది. చంపిన గద్దే ఎదురైంది. "మళ్లీ పుట్టుకొచ్చింది మావయ్యా!" అని కేక. ఇప్పుడు దొరికాడనుకుని, ఈ పుట్టుకురావడంలో 'కొను' ఎవరికోసంరా అన్నాను.

"నాకోసమే" అన్నాడు, గోతిలో పడుతూ.