చర్చ: నెలకి ఆరు వేలు మిగులుతున్నాయి, కాయిన్లా షేర్లా?

కాకినాడ కుర్రోడు

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి కొన్ని నెలలైంది. అద్దె, మెస్సు, ఇంటికి పంపేది పోగా ఆరు వేలు మిగులుతున్నాయి. నాన్నేమో చిట్టీ కట్టమంటున్నారు. మా హాస్టల్లో సగం మంది కాయిన్ల ధరలు చూసుకుంటూ అన్నం తింటారు, మిగతా సగం ఆప్షన్స్ (షేర్ల ధర పెరుగుతుందా పడుతుందా అని కాసే కాంట్రాక్టులు) ఆడతారు. నాకైతే షేర్లు ఉంచుకునే డీమ్యాట్ అకౌంట్ కూడా లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంకోటి. షిబా ఇను అనే క్రిప్టో కాయిన్లు కొన్ని వేలకే కోటి వస్తాయట. కొని పడేస్తే ఎప్పటికైనా రూపాయి అవ్వదా, కోటి రూపాయలు కదా అంటున్నాడు మా రూమ్మేట్. వాడు ఒక టెలిగ్రామ్ గ్రూపులో కూడా ఉన్నాడు, దాని సంగతి తర్వాత అడుగుతా.

లెక్కల మాస్టారు

ముందు ఆ రూపాయి సంగతి తేల్చేద్దాం. షిబా ఇను కాయిన్లు చలామణిలో సుమారు 589 లక్షల కోట్లు ఉన్నాయి. ఒక్కోటి రూపాయి కావాలంటే మొత్తం విలువ 589 లక్షల కోట్ల రూపాయలవ్వాలి. 2024-25లో మన దేశ జీడీపీ సుమారు 330 లక్షల కోట్లు. అంటే కుక్క బొమ్మ వేసుకున్న కాయిన్ ఒకటి దేశమంతా ఏడాది పొడుగునా చేసిన ఉత్పత్తి కంటే ఎక్కువ పలకాలి. ఈ లెక్క మీ రూమ్మేట్‌నే వేసి చూడమను.

షేర్లలోనూ ఇదే భ్రమ ఉంది. పది రూపాయల షేరు చవక, లక్ష దాటిన ఎంఆర్‌ఎఫ్ షేరు ఖరీదు అనుకుంటారు. ఒక్క షేరు ధర చూస్తే ఏమీ తెలియదు. కంపెనీ మొత్తం ఎన్ని షేర్లు, ఒక్కో షేరుకి ఏడాదికి ఎంత లాభం వస్తోంది అన్నది చూడాలి. కాయిన్‌కి ఆ రెండో ప్రశ్న వేయడానికే లేదు. దాని వెనక వ్యాపారం లేదు, లాభం లేదు. నీ తర్వాత కొనేవాడు ఎంతిస్తే అదే ధర.

సతోషి శిష్యుడు

మాస్టారూ, కుక్క కాయిన్‌ని, బిట్‌కాయిన్‌ని ఒకే గాటన కట్టేస్తే ఎలా? బిట్‌కాయిన్లు 2.1 కోట్లకి మించి పుట్టవు. 2024 ఏప్రిల్ హాల్వింగ్ (కొత్త కాయిన్ల రాకని సగానికి తగ్గించడం) తర్వాత ఒక్కో బ్లాకుకి (లావాదేవీల కట్టకి) కొత్తగా వచ్చేవి 3.125 మాత్రమే. అదే ఏడాది జనవరిలో అమెరికాలో స్పాట్ ఈటీఎఫ్‌లకి (బిట్‌కాయిన్‌నే కొని ఉంచి, షేరులా అమ్మే ఫండ్లకి) అనుమతి వచ్చింది, ఇప్పుడు పెద్ద పెద్ద సంస్థలే కొంటున్నాయి. తమ్ముడూ, ఒక కాయిన్ మొత్తం కొనక్కర్లేదు, అందులో పది కోట్లో వంతు వరకు ముక్కలు ఉంటాయి. వంద రూపాయలకీ కొనుక్కోవచ్చు. మిగిలిన వేలాది కాయిన్లలో చాలావరకు చెత్తే, అక్కడ మాస్టారి మాటే నా మాట.

లెక్కల మాస్టారు

2.1 కోట్లు, హాల్వింగ్ నిజమే. 2021 నవంబరులో 69 వేల డాలర్ల దాకా వెళ్లి, ఏడాది తిరిగేసరికి 16 వేల కిందికి దిగిందన్నదీ నిజమే. నాలుగింట మూడు వంతులు పోతే, మళ్లీ మొదటికి రావడానికి నాలుగింతలు పెరగాలి.

సతోషి శిష్యుడు

పెరిగిందిగా! 2024 డిసెంబరులో లక్ష డాలర్లు దాటింది.

లెక్కల మాస్టారు

దాటింది. మధ్యలో అక్క పెళ్లికో, నాన్న ఆపరేషన్‌కో డబ్బు కావాల్సి వచ్చినవాడు మాత్రం 16 వేల దగ్గరే అమ్ముకున్నాడు. అందుకే ముందు నాలుగైదు నెలల ఖర్చు బ్యాంకులో పక్కన పడాలి, కంపెనీ ఇచ్చేది కాకుండా సొంతంగా ఒక హెల్త్ ఇన్సూరెన్స్ ఉండాలి. అప్పటివరకు షేర్లూ వద్దు, కాయిన్లూ వద్దు.

ఆడిటర్ ఆఫీసు అక్క

ధర గురించి అందరూ కొట్టుకుంటారు, పన్ను గురించి ఒక్కరూ మాట్లాడరు. జూలై వచ్చిందంటే మా ఆఫీసుకి ఇలాంటి కుర్రాళ్లు క్యూ కడతారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

క్రిప్టో మన దేశంలో నిషేధం కాదు, అలాగని చెల్లుబాటయ్యే కరెన్సీ కూడా కాదు. బ్యాంకులు ఈ వ్యాపారానికి సేవలివ్వకూడదని రిజర్వ్ బ్యాంక్ 2018లో సర్క్యులర్ ఇచ్చింది, 2020 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2023 మార్చి నుంచి కాయిన్లు కొని అమ్ముకునే ఎక్స్ఛేంజీలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి, ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌లో రిజిస్టర్ కావాలి. నీ ఎక్స్ఛేంజీ అలా రిజిస్టర్ అయిందో లేదో ముందు చూసుకో.

ఇక పన్ను. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం, దాని మీద 4 శాతం సెస్. నీ జీతం ఏ స్లాబులో ఉన్నా సంబంధం లేదు, ఎన్నాళ్లు ఉంచుకున్నా తగ్గదు. అసలు దెబ్బ తగిలేది ఇక్కడ కాదు, నష్టాన్ని లాభంలోంచి తీసేయడానికి లేదన్న దగ్గర. ఒక ఏడాదిలో బిట్‌కాయిన్ మీద లక్ష లాభం, ఇంకో కాయిన్ మీద 80 వేలు నష్టం వచ్చిందనుకో. చేతికి నిజంగా మిగిలింది 20 వేలు. పన్ను మాత్రం లక్ష మీద 31,200. అంటే లాభం వచ్చిన ఏడాదే జేబులోంచి 11,200 ఎదురు కట్టాలి. ఆ 80 వేల నష్టాన్ని వచ్చే ఏడాదికి తీసుకెళ్లడానికీ లేదు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే కుర్రాళ్ల మొహాలు మాడిపోతాయి.

అమ్మిన ప్రతిసారీ 1 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) కూడా ఉంది, అది లాభం మీద కాదు, అమ్మిన మొత్తం మీద. ఒక కాయిన్ ఇచ్చి ఇంకోటి తీసుకున్నా అమ్మినట్టే. లక్ష రూపాయలు పెట్టి ధర కదలకుండానే పదిసార్లు అటూ ఇటూ తిప్పితే దాదాపు తొమ్మిదిన్నర వేలు టీడీఎస్‌లో ఇరుక్కుంటాయి. రిటర్న్ వేశాక సర్దుబాటు అవుతాయనుకో, అప్పటిదాకా ఆ డబ్బు నీది కాదు. రిటర్న్ కూడా సహజ్ ఫారం కుదరదు, ఐటీఆర్-2 లేదా 3లో వీడీఏ (క్రిప్టో లాంటి డిజిటల్ ఆస్తుల) షెడ్యూల్ నింపాలి.

షేర్లలో ఇలా లేదు. ఏడాది దాటాక అమ్మితే ఏడాదికి 1.25 లక్షల లాభం దాకా పన్ను లేదు, పైదానికి 12.5 శాతం. ఏడాదిలోపు అయితే 20 శాతం. నష్టం వస్తే ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లొచ్చు. కాయిన్ కొనాలనే ఉంటే కొని ఊరుకో. రోజూ ట్రేడింగ్ చేస్తా అంటే మాత్రం ఈ పన్ను పద్ధతిలో గెలవడం చాలా కష్టం.

సతోషి శిష్యుడు

అక్క చెప్పింది నూటికి నూరు శాతం కరెక్ట్. నేను ట్రేడింగ్ చేయను, నెలనెలా కొంచెం కొంటా, అంతే.

బెజవాడ బాబాయ్

టీడీఎస్ తప్పించుకోవడానికి పీ2పీ (మనిషి నుంచి మనిషికి నేరుగా) అంటూ యూఎస్‌డీటీ (డాలరు విలువకి కట్టిన కాయిన్) అమ్మేవాళ్లుంటారు, వాళ్లకి నా కథ చెప్పాలి. పరిచయం లేని వాడెవడో కొన్నాడు, యూపీఐలో డబ్బు పడింది, కాయిన్ వదిలాను. కొన్ని వారాలకి ఏటీఎంలో కార్డు పని చేయలేదు. బ్యాంకుకి వెళ్తే వేరే రాష్ట్రం సైబర్ పోలీసులు లియన్ (డబ్బు తీయకుండా ఆపడం) పెట్టించారన్నారు. నాకు డబ్బు పంపినవాడు దాన్ని ఎవరి దగ్గరో మోసం చేసి లాగాడట. అది రెండు మూడు అకౌంట్లు తిరిగి నా దాంట్లోకి వచ్చింది. అమ్మింది కొద్ది మొత్తమే, ఆగింది మాత్రం జీతంతో సహా అకౌంటంతా. ఆ స్టేషన్‌కి మెయిళ్లు, చాట్ స్క్రీన్‌షాట్లు, ఆర్డర్ వివరాలు, నోటరీ... చివరికి అక్కడి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న లేఖ) వస్తే గానీ వదల్లేదు. పిల్లల ఫీజు అప్పు చేసి కట్టాం. అమ్మాలంటే రిజిస్టర్ అయిన ఎక్స్ఛేంజీలోనే, రూపాయల్లోనే అమ్ముకోండి. ఒక శాతం పోతే పోయింది.

కాకినాడ కుర్రోడు

అమ్మో, ఇదైతే అసలు తెలియదు బాబాయ్ గారూ. మరి ఎక్స్ఛేంజీలో ఉంచితే సేఫేనా?

రిటైర్డ్ బ్యాంకు మేనేజరు

అంటే అక్కడ నీ కాయిన్లు వాళ్ల వాలెట్లో ఉంటాయి, నీ తెర మీద కనిపించేది వాళ్లు రాసుకున్న పద్దు. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే పెద్ద ఎక్స్ఛేంజీ కూలినప్పుడు ప్రపంచానికి ఇది తెలిసింది. మన దగ్గర 2024 జూలైలో వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజీ నుంచి హ్యాకర్లు 23 కోట్ల డాలర్ల పైన ఎత్తుకుపోయారు, విత్‌డ్రాయల్స్ ఆపేశారు. బ్యాంకు మునిగితే డిపాజిట్‌కి 5 లక్షల దాకా బీమా ఉంది. ఇక్కడ అలాంటిదేదీ లేదు. సొంత వాలెట్ పెట్టుకుంటే ఆ 12 లేదా 24 పదాల సీడ్ ఫ్రేజ్ (వాలెట్ తాళం లాంటిది) నీ ఒక్కడి బాధ్యత. పోతే ఏ కస్టమర్ కేరూ తెచ్చివ్వదు. ఎవరికైనా చెప్పావో, కాయిన్లు వాడివే.

షేర్లు అలా కాదు. బ్రోకర్ యాప్‌లో కనిపించినా నిజానికి అవి ఉండేది సీడీఎస్‌ఎల్, ఎన్‌ఎస్‌డీఎల్ అనే డిపాజిటరీల్లో ఒకదాంట్లో, నీ పేరు మీద. అక్కడా జరగలేదా అంటే, మన హైదరాబాద్‌లోనే జరిగింది. కస్టమర్లు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని అడ్డం పెట్టుకుని కార్వీ అనే బ్రోకర్ సంస్థ ఆ కస్టమర్ల షేర్లనే తాకట్టు పెట్టిందని 2019 నవంబరులో షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ పట్టుకుంది. అయితే షేర్లు ఎక్కడున్నాయో రికార్డు ఉంది కాబట్టి, వేలాది మందివి తిరిగి వాళ్ల అకౌంట్లకి చేర్చగలిగారు. ఇప్పుడు అమ్మేటప్పుడు టీపిన్ (డిపాజిటరీ ఇచ్చే పిన్), ఓటీపీ అడిగేది ఇలాంటివి జరక్కుండానే. డిపాజిటరీ నుంచి నేరుగా వచ్చే స్టేట్‌మెంట్ చూడు, బ్రోకర్ యాప్ ఒక్కదాన్నే నమ్మకు.

ఒక్క కంపెనీ షేరు మీదే అంతా పెట్టకు. సత్యం కంప్యూటర్స్ గుర్తుందా మీలో ఎవరికైనా? 2009 జనవరి 7న, కంపెనీ లెక్కలు తప్పుడువని ఒప్పుకుంటూ దాని అధినేత రామలింగరాజు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. ముందురోజు 179 దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి 40 దగ్గరికి పడింది. కొంపల్లి నుంచి కూకట్‌పల్లి దాకా ఎంతమంది ఉద్యోగుల సేవింగ్స్ అందులో ఉండేవో! సత్యం అప్పుడు సెన్సెక్స్‌లోనూ నిఫ్టీలోనూ ఉండేది. రోజుల్లోనే తీసేసి వేరే కంపెనీని పెట్టారు, సూచీ సాగిపోయింది. సూచీలోని షేర్లన్నీ కొనే ఇండెక్స్ ఫండ్ తీసుకున్నవాడికి చిన్న దెబ్బ, సత్యం మాత్రమే కొన్నవాడికి సర్వనాశనం. నువ్వు మొదలుపెట్టాల్సింది నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్ సిప్‌తో, అంటే నెలనెలా కొంత కడుతూ. అదీ పడుతుంది సుమా. 2020లో జనవరి నుంచి మార్చి లోపు నిఫ్టీ 12 వేల పైనుంచి 7,600 దగ్గరికొచ్చింది. ఐదారేళ్లు ముట్టుకోను అనుకున్న డబ్బే అందులో పెట్టు.

ఆప్షన్స్ గురించి ఒక్క ముక్క. 2021-22 నుంచి 2023-24 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల లెక్కలు సెబీయే తీసింది. ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో) దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు, మొత్తం 1.8 లక్షల కోట్లకి పైగా. మీ హాస్టల్లో లాభాల స్క్రీన్‌షాట్ చూపించేవాడిని ఏడాది స్టేట్‌మెంట్ చూపించమను.

నాన్నగారి చిట్టీని తీసిపారేయకు. రిజిస్టర్ అయిన చిట్ అయితే తప్పేం లేదు, అవసరానికి పాడుకోవచ్చు. కాకపోతే అది అప్పుకి పనికొచ్చినంతగా డబ్బు పెరగడానికి పనికిరాదు.

డల్లాస్ నుంచి

అమెరికా వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకి ఒక మాట. ఇక్కడ పన్ను రెసిడెంట్ అయ్యాక మన మ్యూచువల్ ఫండ్లని ఐఆర్‌ఎస్ (ఇక్కడి పన్ను శాఖ) పీఎఫ్‌ఐసీ (విదేశీ పెట్టుబడి కంపెనీ) అంటుంది. ఫండుకో ఫారం 8621, పన్నూ ఎక్కువే. ఇండియాలో పది రకాల ఫండ్లు కొని వచ్చినవాళ్లు సీపీఏ (ఇక్కడి ఆడిటర్) ఫీజు చూసి లబోదిబోమంటున్నారు. షేర్లు నేరుగా ఉంటే ఈ గొడవ లేదు. వచ్చేముందే ఒకసారి అడిగి తెలుసుకోండి.

కాకినాడ కుర్రోడు

నేను కాకినాడ దాటి హైదరాబాద్ రావడమే గొప్ప అన్నా :)

అందరికీ థాంక్స్. ఇందాక చెప్పిన టెలిగ్రామ్ సంగతి. రూమ్మేట్‌ని ఎవరో గ్రూపులో చేర్చారు. ఒక మేడమ్ రోజూ సిగ్నల్స్ ఇస్తుంది, ప్లే స్టోర్‌లో లేని యాప్ ఒకటి లింక్ పంపి డౌన్‌లోడ్ చేయించారు. మొదట్లో రెండు వేలు విత్‌డ్రా చేస్తే వచ్చాయట. తర్వాత నలభై వేలు పెట్టాడు, ఇప్పుడు యాప్‌లో లక్షా తొంభై వేలు కనిపిస్తోంది. తీసుకుందామంటే ముందు 20 శాతం టాక్స్ పంపాలి, తర్వాత మొత్తం వదులుతాం అంటున్నారు. నిన్న రాత్రి నన్ను అప్పు అడిగాడు.

ఆడిటర్ ఆఫీసు అక్క

ఇవ్వకు!! పన్ను ఎవరూ యాప్‌కి కట్టరు. టీడీఎస్ అయితే ఇచ్చేదాంట్లోంచి కోసుకుని మిగతాది ఇస్తారు. సొంతంగా కట్టాలంటే పాన్ నంబరుతో ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్లో కడతాం. ముందు నువ్వు పంపు అన్నారంటే అది మోసమే. ఆ లక్షా తొంభై వేలు ఎక్కడా లేవు, అది బొమ్మ. నలభై వేలు మాత్రం నిజం.

బెజవాడ బాబాయ్

నా అకౌంటుకి వచ్చిన డబ్బు ఇలాంటి వాడి దగ్గర కొట్టేసిందే అయ్యుంటుంది బాబూ.

రిటైర్డ్ బ్యాంకు మేనేజరు

ఇప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించు. రేపు కాదు. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు అకౌంట్లు మారిపోతుంది. డబ్బు పంపిన ప్రతి లావాదేవీకి యూటీఆర్ (లావాదేవీ గుర్తింపు) నంబరు, తేదీ, అవతలి అకౌంట్ లేదా యూపీఐ ఐడీ దగ్గర పెట్టుకోవాలి. నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్లో కూడా ఫిర్యాదు నమోదు చేయాలి, తన బ్యాంకు బ్రాంచికి కాపీ ఇవ్వాలి. గ్రూపులోంచి బయటికి రావద్దు, చాట్ డిలీట్ చేయొద్దు, తిట్టొద్దు. స్క్రీన్‌షాట్లు తీసుకున్నాక ఆ యాప్ తీసేసి, బ్యాంకు పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చమను. పోయిన డబ్బు రికవరీ చేసిపెడతాం అంటూ ఇంకొకడు ఫోన్ చేస్తాడు, వాడూ దొంగే.

కాకినాడ కుర్రోడు

చేయించాను సార్. అరగంట పట్టింది, ఎక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు మెసేజ్ వచ్చింది. మేడమ్ ఇంకా మెసేజ్‌లు పెడుతూనే ఉంది, ఈరోజు ఆఖరి తేదీ అంటోంది. చివరిసారి పంపిన డబ్బులో కొంత అవతలి అకౌంట్లో హోల్డ్ అయిందని బ్యాంకు వాళ్లు చెప్పారు. తిరిగి రావడానికి ఏం చేయాలో స్టేషన్‌లో కనుక్కోమన్నారు. సోమవారం వెళ్తున్నాం.

ఇక నా విషయం. నాలుగు వేలు రికరింగ్ డిపాజిట్, రెండు వేలు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్ అనుకుంటున్నా. యాప్‌లో ఒకే ఫండు డైరెక్ట్, రెగ్యులర్ అని రెండు చూపిస్తోంది. ఏది తీసుకోవాలి? కేవైసీ కూడా రిజెక్ట్ అయింది, ఎందుకో అర్థం కాలేదు.

లెక్కల మాస్టారు

డైరెక్ట్. రెగ్యులర్‌లో మధ్యవర్తి కమిషన్ ప్రతి ఏడాదీ నీ డబ్బులోంచే పోతుంది, ఇండెక్స్ ఫండ్‌కి నీకు ఆ సలహా అక్కర్లేదు. గ్రోత్ ఆప్షన్ పెట్టు. రెండు మూడు కంపెనీల ఎక్స్‌పెన్స్ రేషియో (ఫండ్ ఏటా కోసుకునే ఖర్చు) పోల్చి తక్కువున్నది తీసుకో, అన్నీ అవే 50 షేర్లు.

కేవైసీ రిజెక్ట్ అయితే ముందు పేరు చూడు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, పాన్‌లో పొడి అక్షరం ఉందా? మనవాళ్లలో చాలామందికి అక్కడే ఆగుతుంది. రెండింటిలో ఒకదాన్ని సరిచేయించి మళ్లీ పెట్టు.

కాకినాడ కుర్రోడు

అదే మాస్టారూ! పాన్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది. ఈరోజే కరెక్షన్‌కి పెడతా.