సన్నగోడ పార్టుకి చాటర్ (కోసేటప్పుడు తనంతట తానే పెరిగే కంపనం) రాకుండా టూల్‌పాత్ (టూల్ కదిలే దారి) ఎలా ప్లాన్ చేయాలి?

అందరికీ నమస్కారం, క్యామ్ (కంప్యూటర్‌తో మెషినింగ్ ప్లాన్ చేయడం) రీసెర్చ్ మీద పనిచేసేవాళ్ళెవరైనా ఉంటే కాస్త దారి చూపించండి. నా ప్రాజెక్టు అల్యూమినియం పార్టు, 40 మి.మీ. ఎత్తు గోడని 3 మి.మీ. మందం నుంచి 1.5కి తేవాలి, 10 మి.మీ. నాలుగు ఫ్లూట్ల (కోసే పళ్ళ) ఎండ్‌మిల్ కటర్, 8000 ఆర్‌పీఎం. కింద భాగం అద్దంలా వస్తోంది, పై అంచు దగ్గరకొచ్చేసరికి మాత్రం చేప పొలుసుల్లా గీతలు, మెషిన్ కీచుమంటోంది. ఫోన్‌లో ఆ సౌండ్ రికార్డ్ చేసి ఎఫ్‌ఎఫ్‌టీ (సౌండ్‌లో ఏ ఫ్రీక్వెన్సీలు ఉన్నాయో విడదీసి చూపేది) చూస్తే టూత్ పాసింగ్ (సెకనుకి కటర్ పళ్ళు ఎన్నిసార్లు తగులుతాయో అది) 533 హెర్ట్జ్ దగ్గర ఒక పీక్, దానికి సంబంధం లేకుండా 740 దగ్గర ఇంకోటి, అంటే చాటరే కదా.

స్టెబిలిటీ లోబ్ డయాగ్రమ్ (ఏ ఆర్‌పీఎంలో ఎంత లోతు కోస్తే చాటర్ రాదో చూపే గ్రాఫ్) వేశాను, కానీ అది మొదట్లో ట్యాప్ టెస్ట్ (సుత్తితో తట్టి కంపనం కొలవడం) చేసినప్పటి గోడకి. మెటీరియల్ పోయేకొద్దీ దాని ఫ్రీక్వెన్సీ 1400 నుంచి సగానికి పడిపోతోంది, ఇక ఆ డయాగ్రమ్ దేనికి పనికొస్తుంది? ప్రతి పాస్‌కీ ఎఫ్‌ఈఎమ్ (గోడ కంపనాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే సిమ్యులేషన్) నడిపితే తెల్లారిపోతోంది (నిజంగానే తెల్లారింది). క్యామ్ సాఫ్ట్‌వేర్‌కేమో జామెట్రీ తప్ప వైబ్రేషన్ గోల పట్టదు.

ఈ గోడ వైబ్రేషన్ మోడల్‌ని తక్కువ ఖర్చులో అప్‌డేట్ చేసే పద్ధతి ఎవరైనా వాడారా? ఇంకోటి, జీ-కోడ్‌లో (మెషిన్‌కిచ్చే కదలికల ఆదేశాల్లో) ఫీచర్ సమాచారం (ఇది గోడ, ఇది రంధ్రం లాంటిది) అంతా పోతుంది కాబట్టి ఐఎస్‌ఓ 14649, అదే ఫీచర్లతో సహా మెషిన్‌కి చెప్పే స్టెప్-ఎన్‌సీ ప్రమాణం వైపు వెళ్ళమంటున్నారు, దాన్ని నేరుగా చదివే కంట్రోలర్ మీద మీలో ఎవరైనా పనిచేశారా, లేక పేపర్లలోనే చూశారా?