కుక్క క్షమించిందా, పసిగట్టిందా? ఏ క్రియ వాడాలి?

ప్రశ్న: పిల్లల కోసం చిన్న కథ రాస్తున్నాను. పాప చూసుకోక కుక్క తోక తొక్కుతుంది. "అయ్యో, సారీరా చిన్నా" అంటుంది. కాసేపటికి కుక్క వచ్చి చెయ్యి నాకుతుంది. ఆ తర్వాత "పాప క్షమాపణ దానికి అర్థమైంది" అని రాశాను. చదివిన స్నేహితురాలు "క్షమించింది" అని మార్చమంటోంది. ఏది సరి?

జవాబు: నన్నడిగితే రెండూ వద్దు. "పాప బాధని పసిగట్టింది" అనండి. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం.

క్షమాపణ అంటే ఒక్క పని కాదు. నేను చేసింది తప్పని ఒప్పుకోవాలి, అందుకు బాధపడాలి, ఇక చేయనని మాటివ్వాలి. మొదటిది జరిగిపోయినదాని గురించి, చివరిది జరగబోయేదాని గురించి. ఈ రెండూ కుక్క బుర్రకెక్కుతాయనడానికి ఆధారం లేదు. బాధ మాత్రం చేరుతుంది. తోక కాలికింద పడ్డ క్షణంలో మనిషిని గమనించండి. కాలు చటుక్కున వెనక్కి పోతుంది, నోట్లోంచి "అయ్యో" దానంతటదే వచ్చేస్తుంది, నడుం వంగుతుంది, గొంతు సన్నబడుతుంది. "తగిలిందా నాన్నా, చూసుకోలేదురా" అంటాం. "క్షమించు" అని కుక్కతో ఎవరూ అనరు. అక్కడ పనిచేసేది ఆ వంగిన నడుమూ, ఆ గొంతూ.

కావాలని చేశామా, పొరపాటున జరిగిందా అన్న తేడా కూడా కుక్కలకి కొంత తెలుస్తుందని జర్మనీ పరిశోధకులు 2021లో చూపించారు. అద్దం లాంటి అడ్డుతెర సందులోంచి 51 కుక్కలకి తిండి అందించారు. ఒకసారి ఇవ్వబోయి కావాలనే వెనక్కి లాక్కున్నారు, ఒకసారి చేయి జారినట్టు పడేశారు, ఇంకోసారి సందు మూసుకుపోయి ఇవ్వలేకపోయారు. మూడుసార్లూ తిండి మనిషి వైపే ఉండిపోయింది. కావాలని లాక్కున్నప్పుడు కుక్కలు తెర చుట్టూ తిరిగి వెళ్ళడానికి ఎక్కువసేపు తటపటాయించాయి. మిగతా రెండుసార్లూ త్వరగా వెళ్ళిపోయాయి. కాబట్టి మీ కథలో కుక్క కాసేపటికే పాప దగ్గరికి రావడం నమ్మదగ్గ విషయమే. "క్షమించింది" అనాలంటే మాత్రం అది ముందు పాపని దోషిగా నిలబెట్టి, ఆ తర్వాత వదిలేసి ఉండాలి. అంత తతంగం దాని మనసులో జరిగిందని మనం అనలేం.

చెయ్యి నాకడం గురించి కూడా ఒక మాట. అది ప్రేమే కానక్కర్లేదు. ఎదుటివాళ్ళ కంగారు చూసి తానూ కంగారుపడి, సర్దుకుపోదామన్నట్టు నాకే కుక్కలూ ఉంటాయి. పాప గట్టిగా వాటేసుకున్నప్పుడు అది మొహం పక్కకి తిప్పుకుని, ఆవలించి, తన పెదాలు తానే నాక్కుంటుంటే "చాలు, కాస్త వదులు" అంటున్నట్టు. వీలైతే కథలో పాప చేత వాటేయించకండి. పక్కన కూర్చోబెట్టండి, కుక్కనే రానివ్వండి.

ఇంకొకరు: అంటే మాటకి విలువే లేదా? గొంతు ఒక్కటే చాలంటారా?

జవాబు: అలా అనను. హంగేరీలోని బుడాపెస్ట్‌లో పరిశోధకులు 13 కుక్కలకి మెదడు స్కానర్‌లో కదలకుండా పడుకోవడం నేర్పి, మెచ్చుకునే మాటలూ మామూలు మాటలూ రెండు రకాల గొంతుతో వినిపించారు. ఆ ఫలితాలు 2016లో వచ్చాయి. మెచ్చుకోలు మాట మెచ్చుకునే గొంతుతో కలిసి వచ్చినప్పుడే మెదడులో సంతోషానికి సంబంధించిన భాగాలు బాగా స్పందించాయి. మాటా గొంతూ రెండూ కలవాలన్నమాట. అయితే అవి రోజూ వినే మెచ్చుకోలు మాటలు. ఎప్పుడో ఒకసారి వినే "సారీ"కి ఆ బలం ఉంటుందనుకోను. రోజూ ముద్దు చేసేటప్పుడు అనే "చిన్నా"కే ఉంటుంది. కథలో పాప అన్న "సారీరా చిన్నా"లో అసలు పనిచేసిన మాట అదే కావచ్చు.

దీనికి అవతలి వైపు ఇంకా ముఖ్యం. "తప్పు చేసినట్టు మొహం పెట్టింది చూడు" అంటుంటాం. 2009లో కుక్కల ప్రవర్తనపై పరిశోధించే అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 14 కుక్కలతో దీన్ని పరీక్షించారు. తినొద్దన్నది తిన్నా తినకపోయినా, యజమాని తిట్టినప్పుడే ఆ మొహం ఎక్కువ కనబడింది. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కల్లో మరీ ఎక్కువ. అది మన కోపానికి భయపడ్డ మొహం. "దానికి తెలుసు, అందుకే తలొంచుకుంది" అని కొట్టేవాళ్ళని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఈ నానుడి మానేస్తే కొన్ని కుక్కలకైనా దెబ్బలు తప్పుతాయి.

మరొకరు: మరి పిల్లి? "అలిగింది" అనొచ్చా?

జవాబు: వద్దండీ. అలిగినవాళ్ళు బతిమాలేవాళ్ళ కోసం చూస్తారు. బెదిరి మంచం కిందకి దూరిన పిల్లి ఎవరూ రాకుంటే చాలనుకుంటుంది. చెయ్యి పెట్టి బయటికి లాగొద్దు. దూరంగా కూర్చుని, దానివైపు కళ్ళు మెల్లగా సగం మూసి తెరవండి. అలా చేసిన మనిషి దగ్గరికి పిల్లులు ఎక్కువగా వస్తాయని 2020లో ఇంగ్లండ్ పరిశోధకులు ప్రచురించారు. రాయాల్సి వస్తే "బెదిరి దాక్కుంది, బెదురు తీరాక వచ్చింది" అని రాయండి.