పసివాళ్లు పాలు కక్కితే స్కాన్ అవసరమా?

చిన్నోడి అమ్మ:
మా బాబుకి ఐదో వారం. తాగిన ప్రతిసారీ కక్కుతున్నాడు. "పసివాళ్లు కక్కరా ఏంటి, భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించు" అంటారు అత్తయ్య. డాక్టరు గారేమో కడుపు స్కాన్ రాశారు. చేయించాలా, ఆగాలా?

ముగ్గురి తల్లి:
ఆగమ్మా. నా ముగ్గురూ కక్కినవాళ్లే. అన్నవాహిక అడుగున ఉండే కండరం పసివాళ్లలో సరిగ్గా బిగుసుకోదు, అందుకే పాలు పైకొస్తాయి. నాలుగో నెల ప్రాంతంలో బాగా ఎక్కువ, ఏడాది, ఏడాదిన్నరకి చాలామందికి తగ్గిపోతుంది. కక్కిన ప్రతి బిడ్డకీ స్కాన్ అంటే తల్లులకి టెన్షన్ తప్ప ఏముంది?

గుంటూరు నాన్న:
అక్కా, ఎక్కువమంది పిల్లల విషయంలో మీ మాట నిజమే. కానీ ఐదో వారంలో, తాగిన ప్రతిసారీ కక్కే బిడ్డ విషయంలో ఆగమంటే నేను ఒప్పుకోను. మా పెద్దోడు మూడు వారాలు చక్కగా తాగాడు. తర్వాత మొదలైంది, పిచికారీ కొట్టినట్టు మూరెడు దూరం పడేది. కక్కగానే మళ్లీ ఆకలని ఏడ్చేవాడు. ఆకలేస్తోందంటే బాగున్నట్టే అనుకున్నాం. పది రోజులు వాము నీళ్లు పట్టాం, దిష్టి తీశాం. ఆఖరికి ఉచ్చ పోయడం రోజుకి రెండుసార్లకి వచ్చింది.

జీర్ణాశయం నుంచి పేగులోకి దిగే దారి చుట్టూ కండరం మందమైపోయిందట. పైలోరిక్ స్టెనోసిస్ అంటారు. ఎక్కువగా 3 నుంచి 6 వారాల వయసులో బయటపడుతుంది, మగపిల్లల్లో మరీ ఎక్కువ. ఆ కండరం 3 మిల్లీమీటర్లు దాటిందా అన్నది అల్ట్రాసౌండ్‌లో కొలుస్తారు. సూది లేదు, రేడియేషన్ లేదు. ఆపరేషన్ 1912లో రామ్‌స్టెట్ అనే జర్మన్ సర్జన్ ప్రకటించిన పద్ధతే. లోపలి పొర తెగకుండా పైకండరాన్ని చీల్చి వదులు చేస్తారు. మావాడికి ఒంట్లో నీరు, లవణాలు పడిపోవడంతో ముందు రెండు రోజులు సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఆ రెండు రోజులూ మా ఆలస్యం వల్లే. ఆపరేషన్ అయిన మర్నాడు పాలు తాగాడు, నిలిచాయి.

ముగ్గురి తల్లి:
నా పిల్లలకి పెదవి పక్కనుంచి కారేదంతే, బరువూ పెరిగారు. ఈ తేడా నాకు తట్టలేదు తమ్ముడూ. మరి ఆకుపసరు రంగులో కక్కితే?

గుంటూరు నాన్న:
అది ఇంకా ప్రమాదం అక్కా. పేగు మెలిపడి ఉండొచ్చు, కొన్ని గంటల్లోనే దానికి రక్తం అందకుండా పోవచ్చు. తెల్లారేదాకా కూడా ఆగకూడదు, పిల్లల సర్జన్ ఉన్న ఆస్పత్రికి వెళ్లిపోవాలి. చిన్నోడి అమ్మగారూ, బాబు బరువెంత?

చిన్నోడి అమ్మ:
పోయిన వారం కంటే 150 గ్రాములు తగ్గాడన్నా. దూరంగానే పడుతోంది. అత్తయ్యకి మీ పోస్టు చదివి వినిపించాను. ఆటో పిలిచింది ఆవిడే.